మెరోపెనెం మొదలయ్యాక మూడో రోజు

ఐసీయూలో వారం పది రోజులున్న రోగి బిల్లు విప్పి చూస్తే, మందుల పద్దులో పెద్ద అంకెలన్నీ కొన్ని పేర్ల పక్కనే ఉంటాయి. మెరోపెనెం, కొలిస్టిన్, టైకోప్లానిన్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్, కాస్పోఫంజిన్, లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి. మొదటి నాలుగూ యాంటీబయాటిక్‌లు, చివరి రెండూ ఫంగస్ మందులు. విశాఖ రామ్‌నగర్‌లోని ప్రైవేటు ఆస్పత్రిలో అయితే ఆ డబ్బు ఇంటివాళ్లు కడతారు. కేజీహెచ్‌లోనో, హనుమంతవాక దగ్గర విమ్స్‌లోనో అయితే ప్రభుత్వ స్టోరు భరిస్తుంది. ఆరోగ్య పథకం కింద చేరితే ప్యాకేజీ సొమ్ములోంచే సర్దాలి. ఎవరు కట్టినా, ఈ మందుల వాడకాన్ని అదుపులో పెట్టాలని ఏ ఆస్పత్రి అయినా ఏదో ఒకనాడు అనుకుంటుంది. అనుకున్నాక చాలాచోట్ల చేసే మొదటి పని ఫార్మసీ అల్మారాకు తాళం వేయడం. సంతకం లేనిదే వయల్ బయటికి రాదు. అదుపు అక్కడితో అయిపోయిందనుకుంటారు. నిజానికి మందు వృథా అయ్యేది మొదటి డోసులో తక్కువ, మూడో రోజు తర్వాత ఎవరూ ప్రశ్నించకుండా సాగిపోయే డోసుల్లో ఎక్కువ. ఈ వ్యాసమంతా ఆ మూడో రోజు చుట్టూ తిరుగుతుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. ఖరీదైన యాంటీబయాటిక్ అంటే బలమైనదని, బలమైనదంటే అన్నిటికీ పనిచేస్తుందని రోగి బంధువులే కాదు, కొందరు వైద్యులూ నమ్ముతారు. వానాకాలంలోనూ ఆ తర్వాతా ఏజెన్సీ నుంచీ, మైదాన గ్రామాల నుంచీ తీవ్రమైన జ్వరంతో వచ్చేవాళ్లలో స్క్రబ్ టైఫస్ ఉంటుంది. ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, లివర్ ఎంజైములు పెరుగుతాయి, ఆయాసం రావచ్చు. చంకలోనో గజ్జల్లోనో కాలిన మచ్చలాంటి నల్లటి పెచ్చు ఒకటి ఉండవచ్చు. వెతకకపోతే అది కనిపించదు. ఈ క్రిమి మీద మెరోపెనెం ఏమాత్రం పనిచేయదు. ఎన్ని గ్రాములు ఎక్కించినా అంతే. పనిచేసేది డాక్సీసైక్లిన్, 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, కొద్ది రూపాయల మందు. కాబట్టి ఇక్కడి ఆస్పత్రుల్లో కారణం తెలియని జ్వరానికి మెరోపెనెం రాసే ఫారంలో ‘డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారా’ అన్న గడి తప్పకుండా ఉండాలి.

ఏ మందుకు ఎంత కాపలా

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులు చేసింది: యాక్సెస్, వాచ్, రిజర్వ్. డాక్సీసైక్లిన్, సెఫజోలిన్, అమికాసిన్, కోట్రైమాక్సజోల్ మొదటి గుంపు. మెరోపెనెం, పిపరాసిలిన్-టాజోబాక్టమ్, వాంకోమైసిన్, టైకోప్లానిన్ రెండోది. కొలిస్టిన్, పాలిమిక్సిన్-బి, టైజీసైక్లిన్, లినెజోలిడ్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ మూడోది. 2030 నాటికి ప్రపంచంలో మనుషులకు వాడే యాంటీబయాటిక్‌లలో కనీసం 70 శాతం మొదటి గుంపు నుంచే ఉండాలని 2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సమావేశంలో దేశాలు ఒప్పుకున్నాయి.

ఆస్పత్రి సొంత జాబితాకు ఈ గుంపులు మంచి పునాది, కానీ యథాతథంగా దించుకుంటే కుదరదు. ఇందులో ఫంగస్ మందులు లేవు, ఖర్చంతా మింగేది చాలాసార్లు అవే. పనికొచ్చే అమరిక ఇలా ఉంటుంది. మొదటి గుంపు మందులకు ఏ ఆటంకమూ ఉండదు. మెరోపెనెం, పిపరాసిలిన్-టాజోబాక్టమ్, వాంకోమైసిన్, టైకోప్లానిన్‌లకు ఫారం నింపాలి, మూడో రోజు సమీక్ష జరగాలి. కొలిస్టిన్, పాలిమిక్సిన్-బి, టైజీసైక్లిన్, సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్, కాస్పోఫంజిన్, లైపోసోమల్ ఆంఫోటెరిసిన్‌లకు ముందుగా నియమించిన ఇద్దరు ముగ్గురు సీనియర్ వైద్యుల్లో ఒకరి ఆమోదం కావాలి. లినెజోలిడ్ ఇప్పుడు చవకే. అయినా దాన్ని ఈ కఠిన జాబితాలోనే ఉంచాలి. అది మొండి క్షయకు ప్రాణాధారమైన మందు. నిర్ధారణ కాని టీబీ ఉన్న రోగికి న్యుమోనియా అనుకుని లినెజోలిడ్‌గానీ లెవోఫ్లాక్సాసిన్‌గానీ ఇస్తే పాక్షికంగా తగ్గినట్టు కనిపించి అసలు జబ్బు వారాల తరబడి దాగిపోతుంది.

ఆమోదానికి ఒక మినహాయింపు లేకపోతే మొత్తం పద్ధతే ప్రమాదకరమవుతుంది. సెప్టిక్ షాక్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయినప్పుడు, మొదటి డోసు గంటలోపు పడాలి. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టరు ఫోన్ చేస్తే సీనియర్ ఎత్తలేదని వయల్ ఆగిపోకూడదు. అందుకని మొదటి 24 గంటల డోసులు ఎవరు రాసినా ఫార్మసీ ఇచ్చేయాలి. ఆమోదం తర్వాతి డోసులకే. షాక్ లేకుండా ఇన్ఫెక్షన్ అనుమానం మాత్రమే ఉన్నప్పుడు మూడు గంటల వరకు పరీక్షించుకునే వెసులుబాటు ఉంటుంది. ఆ వ్యవధిని వాడుకోవాలి.

ఫారం చిన్నదిగా ఉండాలి. ఇన్ఫెక్షన్ ఏ అవయవంలో, కల్చర్ (రక్తం, మూత్రం లాంటివాటిలో ఏ క్రిమి పెరుగుతుందో చూసే ల్యాబ్ పరీక్ష) తీశారా, తీస్తే ఎన్నింటికి, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, బరువు ఎంత, మళ్లీ చూడాల్సిన తేదీ ఏది. ఇంత చాలు. ‘సెప్సిస్’ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా విషమించడం) అని ఒక్క మాట రాసిన ఫారాన్ని తిప్పి పంపాలి. సెప్సిస్ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు ప్రశ్న. ఊపిరితిత్తా, మూత్రమా, పొట్టా, పెద్ద సిరలో పెట్టిన గొట్టమా (సెంట్రల్ లైన్)? ఆ జవాబు లేకపోతే మూడో రోజు సమీక్ష చేసేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

తాళం మీదే ఆధారపడితే ఏమవుతుందో న్యూయార్క్‌లోని ఒక ఆస్పత్రి అనుభవం చెబుతుంది. 1998లో ప్రచురించిన ఆ అధ్యయనంలో సెఫలోస్పోరిన్‌ల (సెఫజోలిన్, సెఫ్టాజిడిమ్ లాంటి మందుల) వాడకాన్ని 80 శాతం తగ్గించారు. సెఫ్టాజిడిమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా అనే క్రిమి 44 శాతం తగ్గింది. కానీ వైద్యులు మెరోపెనెం కుటుంబానికే చెందిన ఇమిపెనెంకు మళ్లారు. దాని వాడకం 141 శాతం పెరిగి, ఇమిపెనెంకు లొంగని సూడోమోనాస్ అనే మరో క్రిమి 69 శాతం పెరిగింది. బెలూన్‌ను ఒకపక్క నొక్కితే ఇంకోపక్క ఉబ్బినట్టు. అందుకే ఒక మందుకు తాళం వేసిన నెలలో దాని పక్కింటి మందుల లెక్కలు కూడా తీయాలి.

అలాగని మెరోపెనెంను వీలైనంత వరకు నిరాకరించడమే గొప్ప అనుకోవడమూ తప్పే. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలై, క్లెబ్సియెల్లా రక్తంలో పెరిగిన రోగులపై 2018లో వెలువడిన మెరినో ట్రయల్‌లో 30 రోజుల మరణాలు మెరోపెనెం తీసుకున్నవారిలో 3.7 శాతం, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ తీసుకున్నవారిలో 12.3 శాతం. అలాంటి రోగికి ఖర్చు పేరుతో రెండో మందు ఇవ్వడం పొదుపు కాదు.

కల్చర్ లేకుండా సమీక్ష లేదు

మూడో రోజు నిర్ణయం తీసుకోవాలంటే మొదటి రోజు రక్తం సరిగా తీసి ఉండాలి. పెద్దవాళ్లకు రెండు సెట్లు, రెండు వేర్వేరు చోట్ల నుంచి. సెట్‌కు రెండు సీసాలు, ఒక్కో సీసాలో 8 నుంచి 10 మి.లీ. అంటే మొత్తం 40 మి.లీ. దాకా. మన దగ్గర జరిగేది ఒక సీసా, అందులో 3 మి.లీ. అంత తక్కువ రక్తంలో క్రిమి దొరక్కపోతే అది లేదని అర్థం కాదు. క్లోర్‌హెక్సిడిన్ పూశాక ఆరనివ్వకుండా సూది గుచ్చితే చర్మం మీది స్టెఫైలోకాకస్ సీసాలోకి వెళ్తుంది. ఒక్క సీసాలో అది పెరిగిందని వారం రోజులు టైకోప్లానిన్ నడుస్తుంది. అరనిమిషం ఓపిక లేకపోవడం వల్ల వచ్చే ఖర్చు అది.

విశాఖకు ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ నుంచి రిఫరల్ మీద వచ్చే రోగులు చాలామంది. వాళ్లకు అప్పటికే మూడు నాలుగు రోజులు యాంటీబయాటిక్‌లు పడి ఉంటాయి. ఆ రోగికి కల్చర్ తీయడం దండగ అని వదిలేయకూడదు. తర్వాతి డోసు పడే ముందు, అంటే రక్తంలో మందు అతి తక్కువగా ఉన్న వేళ తీయాలి. ఇంకా ముఖ్యం, రిఫరల్ చీటీలో ‘హయ్యర్ యాంటీబయాటిక్స్ ఇచ్చాం’ అని మాత్రమే ఉంటే క్యాజువాలిటీ నుంచే ఆ నర్సింగ్‌హోమ్‌కు ఫోన్ చేసి మందు పేరు, డోసు, ఎన్ని రోజులు, అక్కడ ఏదైనా కల్చర్ పంపారా అని నాలుగు ప్రశ్నలు అడిగి కేస్ షీట్‌లో రాయాలి.

తీయకూడని కల్చర్లూ ఉన్నాయి. జ్వరం లేని రోగి యూరిన్ బ్యాగులోంచి, తీసేసిన క్యాథెటర్ కొనలోంచి, మామూలుగా ఉన్న ట్రకియాస్టమీ (గొంతులో పెట్టిన శ్వాస గొట్టం) నుంచి పంపితే ఏదో ఒకటి పెరగక మానదు. రిపోర్టులో ‘అసినెటోబాక్టర్, కొలిస్టిన్‌కు తప్ప అన్నిటికీ లొంగదు’ అని రాగానే కొలిస్టిన్ మొదలవుతుంది. ఎక్స్‌రేలో కొత్త నీడ లేకుండా, ఆక్సిజన్ అవసరం పెరగకుండా, కఫం చిక్కబడకుండా గొట్టంలో పెరిగిన క్రిమి అక్కడ కాపురం ఉన్నదే గానీ జబ్బు కాదు. వైద్యం రోగికి చేయాలి గానీ రిపోర్టుకు కాదు. ఇక్కడ ల్యాబ్ పెద్ద సాయం చేయగలదు. చిన్న మందులకు లొంగే క్రిమి అయితే పెద్ద మందుల పేర్లు రిపోర్టులో చూపకుండా ఆపుకోవచ్చు. క్రిమి కొలిస్టిన్‌కు లొంగుతుందో లేదో తేల్చడానికి డిస్క్ పద్ధతి (మందు బిళ్ల చుట్టూ క్రిమి పెరగడం ఆగిందా అని చూడటం) నమ్మదగింది కాదు, బ్రాత్ మైక్రోడైల్యూషన్ (మందు కలిపిన ద్రవంలో క్రిమిని పెంచి చూడటం) చేయాలి. అది లేని ల్యాబ్ డిస్క్ ఫలితం ఇవ్వడం కన్నా ఇవ్వకపోవడమే మేలు.

మూడో రోజు అడగాల్సింది

48 నుంచి 72 గంటల మధ్య, రౌండ్స్‌లో, డ్రగ్ చార్ట్ చేతిలో పెట్టుకుని అడగాలి. ఇన్ఫెక్షన్ నిజంగా ఉందా? ఉంటే ఇంతకంటే ఇరుకైన మందు, అంటే తక్కువ రకాల క్రిముల మీదే పనిచేసేది, చాలదా? నోటి ద్వారా ఇవ్వలేమా? ఎప్పుడు ఆపుతాం?

మొదటి ప్రశ్నకు ‘లేదు’ అన్న జవాబు ధైర్యంగా రాయడమే ఇందులో అన్నిటికన్నా కష్టమైన పని. కల్చర్లు ఖాళీ, జ్వరానికి డెంగీ అనో ఆయాసానికి గుండె వైఫల్యం అనో వేరే కారణం తేలింది. అయినా ‘ఇంత సీరియస్ రోగికి ఆపితే రేపేమైనా అయితే’ అన్న భయం కలాన్ని ఆపుతుంది. ఆ భయాన్ని పీజీ మీదో డ్యూటీ డాక్టరు మీదో వదిలేయకూడదు. ఆపమన్న నిర్ణయం మీద సీనియర్ సంతకం ఉండాలి. ప్రొకాల్సిటోనిన్ (బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష ఇక్కడ కొంత బలం ఇస్తుంది. అత్యధిక స్థాయి నుంచి 80 శాతం తగ్గినా, 0.5 కిందికి వచ్చినా, రోగి కూడా కోలుకుంటుంటే ఆపవచ్చు. మందు మొదలుపెట్టాలా వద్దా అని తేల్చడానికి మాత్రం దాన్ని వాడకూడదు.

ఇరుకు చేయడంలో అన్నిటికన్నా సులువైనది మెట్రోనిడజోల్ తీసేయడం. మెరోపెనెం, పిపరాసిలిన్-టాజోబాక్టమ్ రెండూ గాలిలేని చోట పెరిగే క్రిములను చంపుతాయి. పైన మెట్రోనిడజోల్ జోడించడం వల్ల వికారం తప్ప కొత్తగా వచ్చేదేమీ ఉండదు, అమీబా లాంటి ప్రత్యేక కారణం ఉంటే తప్ప. సర్జికల్ వార్డుల్లో ఈ జంట ఇంకా అలవాటుగా నడుస్తోంది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చేదీ అంతే. ఎక్కువ ఆపరేషన్లకు సెఫజోలిన్ 2 గ్రాములు కోతకు ముందు గంటలోపు, ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే ఇంకో డోసు, 24 గంటల్లో ఆపేయాలి. కుట్లు తీసేదాకా ఇవ్వడం వల్ల గాయం పుండు కావడం ఆగదు.

నోటి మందు సంగతికొస్తే, లినెజోలిడ్ 600 మి.గ్రా. మాత్ర దాదాపు నూరు శాతం రక్తంలోకి చేరుతుంది. ఫ్లూకోనజోల్ 90 శాతం పైగా. అన్నం తింటున్న రోగికి ఇవి సీసాల్లో ఎక్కించడంలో అర్థం లేదు. డ్రిప్ తీసేస్తే సూది దగ్గర వాపు, లైన్ ఇన్ఫెక్షన్ కూడా తప్పుతాయి. ‘సెలైన్ ఎక్కితేనే వైద్యం’ అనుకునే బంధువులకు ఈ మాట ఓపికగా చెప్పాలి. చెప్పకపోతే మాత్రకు మార్చగానే ‘పట్టించుకోవడం మానేశారు’ అనుకుంటారు.

చివరిది గడువు. ఇంటి దగ్గర మొదలైన న్యుమోనియా మెరుగవుతుంటే 5 రోజులు. వెంటిలేటర్ మీద వచ్చింది 7 రోజులు. పొట్టలో చీము పూర్తిగా తీసేశాక 4 రోజులు. మూత్రం నుంచి రక్తంలోకి వెళ్లిన సాధారణ గ్రామ్-నెగటివ్ (ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి క్రిముల) ఇన్ఫెక్షన్ 7 రోజులు. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నవారికి 7 రోజులు 14 రోజులకు తీసిపోవని 2024లో వచ్చిన బ్యాలెన్స్ ట్రయల్ చూపింది. దాంట్లో స్టెఫైలోకాకస్ ఆరియస్ రోగులను చేర్చలేదు. ఆ క్రిమి రక్తంలో ఉంటే, కల్చర్ ఖాళీగా వచ్చిన రోజు నుంచి కనీసం 14 రోజులు ఇవ్వాలి, గుండె కవాటాలు కూడా చూడాలి. క్యాండిడా అనే ఫంగస్ రక్తంలో ఉన్నా అదే 14 రోజుల లెక్క.

వైద్యం గడువు కుదించకూడని జబ్బు ఇంకొకటి మన తీరంలో ఉంది, మెలియాయిడోసిస్. వానల తర్వాత, షుగరు ఉన్నవాళ్లలో, న్యుమోనియాగానో లివర్, ప్లీహాల్లో చీముగడ్డలుగానో వస్తుంది. ల్యాబ్ దీని క్రిమిని సూడోమోనాస్‌గా పొరబడుతుంది. ఈ క్రిమి కొలిస్టిన్‌కు పుట్టుకతోనే లొంగదు. కాబట్టి కొలిస్టిన్‌కు లొంగని ‘సూడోమోనాస్’ అని రిపోర్టు వస్తే అక్కడే అనుమానించాలి. సెఫ్టాజిడిమ్ గానీ మెరోపెనెం గానీ కనీసం 10 నుంచి 14 రోజులు, ఆ తర్వాత కోట్రైమాక్సజోల్ కనీసం మూడు నెలలు. ఐదో రోజున జ్వరం తగ్గిందని మెరోపెనెం ఆపేసే అదుపు ఇక్కడ ప్రాణం తీస్తుంది. జ్వరం పూర్తిగా తగ్గడానికే వారం పైన పడుతుంది.

డోసు తప్పితే ఖరీదంతా నీళ్లపాలే

ఉద్దానం నుంచి వచ్చే రోగుల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో ఉత్తరాంధ్ర వైద్యులకు చెప్పక్కర్లేదు. అలాంటి రోగికి మందు రాసేటప్పుడు రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, క్రియాటినిన్ చూసి భయపడి మొదటి డోసే తగ్గించడం. మొదటి డోసు కిడ్నీని బట్టి మారదు, తర్వాతి డోసులే మారతాయి. కొలిస్టిన్ మొదటి డోసు 90 లక్షల యూనిట్లు, కిడ్నీ ఎలా ఉన్నా. మామూలు కిడ్నీ ఉంటే ఆపైన 12 గంటలకోసారి 45 లక్షలు, లేకపోతే తగ్గించాలి. పైగా కొలిస్టిన్‌కు యూనిట్లు, మిల్లీగ్రాములు రెండు లెక్కలున్నాయి. 10 లక్షల యూనిట్లంటే కొలిస్టిమెథేట్ లెక్కలో సుమారు 80 మి.గ్రా., కొలిస్టిన్ బేస్ లెక్కలో సుమారు 33 మి.గ్రా. చార్ట్‌లో ‘మి.గ్రా.’ అని రాస్తే నర్సు ఏది తీసుకోవాలి? యూనిట్లలో మాత్రమే రాయాలని ఆస్పత్రి నియమం పెట్టాలి.

రెండో తప్పు, తర్వాత తగ్గించడం మర్చిపోవడం. మెరోపెనెం 1 గ్రాము 8 గంటలకోసారి అన్నది మామూలు కిడ్నీకి. క్రియాటినిన్ క్లియరెన్స్ (కిడ్నీ నిమిషానికి ఎన్ని మి.లీ. వడకడుతుందన్న లెక్క) 26 నుంచి 50 మధ్య ఉంటే 12 గంటలకోసారి. 10 నుంచి 25 అయితే అర గ్రాము 12 గంటలకోసారి. డయాలసిస్ రోజున డోసు డయాలసిస్ అయ్యాక పడాలి, ముందు పడితే యంత్రంలో కొట్టుకుపోతుంది. కిడ్నీ రోగికి సెఫెపైమ్ అనే యాంటీబయాటిక్ తగ్గించకుండా ఇస్తే మగత, అయోమయం, ఫిట్స్ వస్తాయి. అప్పుడు మెదడు స్కానింగ్‌కు పంపుతారు గానీ చార్ట్ చూడరు.

మెరోపెనెంను మొదటి డోసు అరగంటలో, ఆ తర్వాతివి మూడేసి గంటలు నెమ్మదిగా ఎక్కిస్తే మొండి క్రిములపై మెరుగ్గా పనిచేస్తుంది. అయితే కలిపిన మందు గది వేడిలో కొద్ది గంటల్లోనే బలం కోల్పోతుంది. మే నెల ఉక్కలో, ఏసీ లేని వార్డులో, ఉదయమే రోజు మొత్తానికీ కలిపి పెట్టడం అంటే సాయంత్రానికి సగం నీళ్లు ఎక్కించినట్టే. ఎప్పటిదప్పుడు కలపాలి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్న రోగికి మెరోపెనెం ఇస్తే వాల్‌ప్రోయేట్ స్థాయి ఒక్కసారిగా పడిపోయి ఫిట్స్ వస్తాయి. డోసు పెంచినా లాభం ఉండదు, ఒకదాన్ని మార్చాల్సిందే.

సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ గురించి ఒక్క మాట. మన దేశంలో కార్బపెనెంలకు (మెరోపెనెం కుటుంబం మందులకు) లొంగని క్లెబ్సియెల్లాలో, మందును విరిచేసే ఎన్‌డీఎం అనే ఎంజైము ఎక్కువ. దాని మీద ఈ మందు ఒంటరిగా పనిచేయదు. అజ్ట్రియోనామ్ అనే ఇంకో యాంటీబయాటిక్ తోడు కావాలి, రెండూ ఒకే వేళకు పడాలి. ఎంజైము రకం తెలియకుండా ఒక్కదాన్నే రాయడం అంటే ఇంటివాళ్ల బంగారం తాకట్టులో పెట్టించి పని చేయని మందు కొనిపించడం.

ఫంగస్ మందుల్లో తప్పులు మరీ బాధ కలిగిస్తాయి. ఐసీయూ రోగి కఫంలో క్యాండిడా పెరిగితే వైద్యం అవసరం లేదు, దాదాపు ఎప్పుడూ. లక్షణాలు లేని రోగి మూత్రంలో పెరిగితే క్యాథెటర్ తీయడమో మార్చడమో చాలు, ఎక్కువమందికి. కాస్పోఫంజిన్ మూత్రంలోకి సరిగా చేరదు కూడా. అది డెక్స్‌ట్రోజ్‌లో (గ్లూకోజ్ ద్రవంలో) నిలవదు, సెలైన్‌లో (ఉప్పు ద్రవంలో) కలపాలి. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ సరిగ్గా దీనికి తలకిందులు: 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్ తగిలితే పాడవుతుంది. 60 కిలోల మ్యూకార్మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) రోగికి కిలోకు 5 మి.గ్రా. చొప్పున రోజుకు 300 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. వయల్స్ ఆరు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఈ వయల్స్‌ను కేంద్రం రాష్ట్రాలకు లెక్కగట్టి పంచాల్సి వచ్చింది. ఆరు వయల్స్‌లో ఒకటి తప్పు సీసాలో కలిపినా ఆ రోజు డోసు లోటే. ఈ రెండు మందుల పెట్టెల మీద ఫార్మసిస్టు రంగు చీటీ అంటించి ఏ ద్రవంలో కలపాలో పెద్ద అక్షరాల్లో రాయాలి.

లెక్క ఎలా పెట్టాలి

మందుల అమ్మకం నియమాల్లోని షెడ్యూల్ హెచ్1 కింద 2014 నుంచి మెరోపెనెం లాంటి మందులకు మందుల షాపులు ప్రత్యేక రిజిస్టరు పెట్టి మూడేళ్లు దాచాలి. అందులో రాసిన డాక్టరు, రోగి పేరు, పరిమాణం ఉంటాయి. ఎందుకు రాశారో ఉండదు. ఆస్పత్రికి కావాల్సిన లెక్క వేరే. వెయ్యి పడక-రోజులకు (ఒక రోగి ఒక పడకలో ఒక రోజు ఉంటే ఒక పడక-రోజు) ఎన్ని రోజులు ఆ మందు ఇచ్చారు అన్నది. 20 పడకల ఐసీయూలో ఒక నెలలో మొత్తం 540 పడక-రోజులు, మెరోపెనెం ఇచ్చిన రోజులు 216 అనుకుందాం. 216ను 540తో భాగించి వెయ్యితో గుణిస్తే 400. వచ్చే నెల ఇదే లెక్క మళ్లీ తీయాలి. కొన్న గ్రాములతో లెక్క కడితే కిడ్నీ రోగులు ఎక్కువున్న నెలలో వాడకం తగ్గినట్టు తప్పుగా కనిపిస్తుంది. దీని పక్కనే ఆ నెల మరణాలు, వారంలోపు మళ్లీ అదే మందు మొదలుపెట్టాల్సి వచ్చిన రోగుల సంఖ్య కూడా ఉండాలి. మందు తగ్గి ఇవి పెరిగితే మూడో రోజున తప్పు చోట ఆపుతున్నామని అర్థం.

అంటువ్యాధుల నిపుణుడు లేడని చిన్న ఆస్పత్రి చేతులెత్తేయక్కర్లేదు. యాభై పడకల చోట ఒక ఫిజీషియన్, ఫార్మసిస్టు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు వారానికి రెండుసార్లు అరగంట కూర్చుని, మూడో రోజు దాటిన మెరోపెనెం చార్ట్‌లు మాత్రం చూస్తే మొదలైనట్టే. మొదటి నెలల్లో అది ఒక్కటే మందు. అది నడక నేర్చాక కొలిస్టిన్, ఆ తర్వాత ఫంగస్ మందులు. సలహా కేస్ షీట్‌లో రాసి, రాసిన డాక్టరుకు ఫోన్‌లో చెప్పాలి. చెప్పకుండా రాసినది ఆయన చూసేసరికి ఇంకో రోజు గడిచిపోతుంది.

రోగి డిశ్చార్జి అయ్యాక వచ్చే కల్చర్ రిపోర్టులు ల్యాబ్ బల్ల మీదే ఉండిపోతుంటాయి. వాటిని రోజూ ఒక పేరు పెట్టిన మనిషి తీసుకుని, రోగికి ఫోన్ చేయాలి. పలాస నుంచో నరసన్నపేట నుంచో పంపిన వైద్యుడికి కూడా ఏ క్రిమి పెరిగింది, ఏ మందుకు లొంగింది అన్నది పంపాలి. తర్వాత అదే ఊరి నుంచి వచ్చే రోగికి అక్కడ ఏ మందు మొదలుపెట్టాలో ఆయన దాన్ని చూసే నిర్ణయిస్తాడు.